పికప్ తర్వాత పొట్ట ఉబ్బుతోందా? ఇంట్లో రోజూ ఎలా కనిపెట్టుకోవాలి

"సిస్టర్, పికప్ అయి రెండు రోజులైంది. లంగా బొందు బిగుసుకుపోతోంది. గ్యాసేనా?"

పికప్ అంటే ఐవీఎఫ్ చికిత్సలో అండాశయాల నుంచి అండాలను బయటికి తీయడం. ఐవీఎఫ్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్న నాకు ఈ ఫోను వారానికి నాలుగైదుసార్లు వస్తుంది. ఉప్పల్ నుంచి వస్తుంది, మియాపూర్ నుంచి వస్తుంది, పికప్ చేయించుకుని ఆ సాయంత్రమే నల్గొండ బస్సెక్కినవారి నుంచీ వస్తుంది. నేను తిరిగి అడిగేది ఒక్కటే: నిన్న బరువెంత, ఈ రోజు ఎంత? చాలామంది దగ్గర జవాబు ఉండదు. అది ఉంటే, గ్యాసా కాదా అన్నది ఫోనులోనే సగం తేలిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

లోపల జరిగేది క్లుప్తంగా చెబుతాను. మామూలు నెలలో ఒక్క అండం పెరిగే చోట, ఇంజెక్షన్లతో పది పదిహేను ఒకేసారి పెరుగుతాయి. అండాశయాలు పెద్దవవుతాయి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) కొంత పెరుగుతుంది. ఆ రోజుల్లో రక్తపరీక్ష చేయిస్తే సీఆర్‌పీ కాస్త ఎక్కువగా కనిపించేది అందుకే. అండాలు పక్వానికి రావడానికి ఆఖరున ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాత కొందరిలో ఇది హద్దు దాటుతుంది. అండాశయాల నుంచి వీఈజీఎఫ్ అనే పదార్థం ఎక్కువగా వెలువడి, సన్నని రక్తనాళాల గోడలు కొత్త కుండ చెమర్చినట్టు చెమరుస్తాయి. రక్తంలోని నీరు పొట్టలోకి చేరుతుంది, నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది. డాక్టర్లు ఓహెచ్‌ఎస్‌ఎస్ అనేది దీన్నే. తేలికపాటిది ఐవీఎఫ్ చేయించుకునేవారిలో ముగ్గురిలో ఒకరి వరకు వస్తుంది, దానంతట అదే తగ్గుతుంది. తీవ్రమైనది అరుదు. కానీ వచ్చినప్పుడు ప్రతి గంటా విలువైనదే.

కావలసినవి

- డిజిటల్ బరువు యంత్రం. గ్రాముల్లో తేడా చూపించేది అయితే మంచిది.
- దర్జీ వాడే కొలత టేపు, ఒక బాల్‌పెన్ను.
- లీటరు వరకు గీతలున్న ప్లాస్టిక్ మగ్గు. దీన్ని బాత్‌రూమ్‌లోనే ఉంచండి, వంటింటి వైపు తీసుకురావద్దు.
- థర్మామీటరు.
- పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు.
- చిన్న నోటు పుస్తకం. ఫోనులో రాసుకుంటే ఛార్జింగ్ అయిపోయిన రాత్రే అవసరం పడుతుంది. కాగితమే మేలు.
- మీ డిశ్చార్జి కాగితం, ఇంజెక్షన్ల చీటీ, ఆఖరి స్కాన్ రిపోర్టు. మూడూ ఒకే కవర్లో పెట్టండి.

1. ఇంజెక్షన్లు మొదలవకముందే నాలుగు విషయాలు అడగండి

మొదటిది, నాకు ముప్పు ఎక్కువా? పీసీఓడీ ఉన్నవారు, వయసు తక్కువగా ఉన్నవారు, ముందొకసారి ఇలా ఉబ్బినవారు, ఏఎంహెచ్ (అండాల నిల్వను చూపే రక్తపరీక్ష) 3.4 ng/ml కంటే ఎక్కువ ఉన్నవారు, మొదటి స్కాన్‌లో రెండు అండాశయాల్లో కలిపి 24కు మించి చిన్న ఫోలికల్స్ (అండాలు పెరిగే నీటి సంచులు) కనిపించినవారు జాగ్రత్త పడాల్సిన జాబితాలో ఉంటారు.

రెండోది, నాకు ఏ ట్రిగ్గర్ ఇస్తారు? హెచ్‌సీజీ (గర్భం వచ్చినప్పుడు ఒంట్లో తయారయ్యే హార్మోన్) ఇంజెక్షన్ ఒంట్లో చాలా రోజులు పనిచేస్తుంది, అందుకే ముప్పు పెంచుతుంది. దాని బదులు ల్యూప్రోలైడ్, ట్రిప్టోరెలిన్ లాంటి మందుతో ట్రిగ్గర్ ఇస్తే ముప్పు బాగా తగ్గుతుంది. అయితే ఇంజెక్షన్ల పద్ధతి దానికి సరిపోవాలి. అది డాక్టరు నిర్ణయం, కానీ అడిగే హక్కు మీది.

మూడోది, అవసరమైతే ఎంబ్రియోలన్నీ (ఫలదీకరించిన పిండాలు) వెంటనే గర్భంలో పెట్టకుండా ఫ్రీజ్ చేస్తారా? "ఇంకో నెల తిప్పి డబ్బు గుంజడానికే ఇలా అంటున్నారు" అని చాలామంది కుటుంబ సభ్యులు అనుమానిస్తారు. ఫోలికల్స్ చాలా ఎక్కువ వచ్చినవారి విషయంలో మాత్రం ఆ మాట మీ ప్రాణరక్షణ కోసమే. అదే నెలలో గర్భం నిలిస్తే, ఆ గర్భం నుంచి వచ్చే హెచ్‌సీజీ ఉబ్బరాన్ని మళ్లీ ఎగదోస్తుంది.

నాలుగోదే అందరూ మరిచిపోయేది. రాత్రి రెండు గంటలకు ఇబ్బంది వస్తే నేను ఎక్కడికి వెళ్లాలి? నగరంలో చాలా సంతాన సాఫల్య కేంద్రాలు పగటిపూట మాత్రమే పనిచేస్తాయి. ఐసీయూ ఉండదు. వాళ్లు ఏ ఆసుపత్రికి పంపుతారో, ఆ రాత్రి ఫోను ఎత్తేది ఎవరో ముందే రాసుకోండి. హయత్‌నగర్‌లో ఇల్లు, బంజారాహిల్స్‌లో కేంద్రం అయితే, ఇంటికి దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రి పేరు కూడా రాసి పెట్టుకోండి. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం ప్రతి కేంద్రానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చికిత్సకు ముందు మీ నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఆ సమ్మతి పత్రంలో ఈ ముప్పు గురించి ఏం రాశారో సంతకానికి ముందే చదవండి, చదివించుకోండి.

2. సూది గుచ్చిన చోటు ఎర్రబడితే

ఇది ఇంకో రకం వాపు, దీనికీ దానికీ సంబంధం లేదు. సెట్రోరెలిక్స్ లాంటి ఇంజెక్షన్ తర్వాత రూపాయి బిళ్లంత ఎర్రటి దద్దురు, దురద మామూలే. కొన్ని గంటల్లో, మహా అయితే మర్నాటికి పోతుంది. గుడ్డలో చుట్టిన చల్లటి ప్యాక్‌ను ఐదు నిమిషాలు ఆనించండి. రుద్దకండి, పసుపు పట్టించకండి, బామ్ రాయకండి.

బొడ్డు నుంచి మూడు వేళ్ల దూరం వదిలి, ఒక రోజు కుడివైపు, మరో రోజు ఎడమవైపు వేసుకోండి. స్పిరిట్ దూది తడి పూర్తిగా ఆరాకే సూది దించండి. తడి మీదే గుచ్చడం వల్ల చురుక్కుమనే మంట వస్తుంది, మందు పడటం లేదని భయపడతారు. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పెన్నులను తలుపు అరలో గానీ, ఫ్రీజర్‌కు ఆనించి గానీ పెట్టకండి. గడ్డకట్టిన మందు పనికిరాదు. మే నెల ఎండలో బైకు డిక్కీలో పెట్టి తెచ్చిన మందు మీద కూడా నమ్మకం పెట్టుకోకండి.

రెండు రోజులకీ ఎరుపు తగ్గకుండా వ్యాపిస్తూ వేడిగా, గట్టిగా ఉంటే చూపించండి. ఇంజెక్షన్ వేసుకున్న కాసేపటికే పెదవులు వాచి ఊపిరి ఆడకపోతే అది అలర్జీ. వెంటనే 108కు ఫోన్ చేయండి.

3. రోజూ పొద్దున నాలుగు అంకెలు రాయండి

ఇదే ఈ మొత్తంలో ముఖ్యమైన పని. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన రోజునే ప్రారంభించండి. ఉబ్బిన తర్వాత మొదలుపెడితే దేనితో పోల్చాలి?

బరువు: నిద్ర లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ కూడా తాగకముందు, ఒకే రకం బట్టల్లో, ఒకే యంత్రం మీద. యంత్రాన్ని గట్టి నేల మీదే ఉంచండి, చాప మీద పెడితే అంకె మారుతుంది.

పొట్ట చుట్టుకొలత: పడుకుని, బొడ్డు మీదుగా. టేపు రోజూ ఒకే చోట పడాలంటే బొడ్డుకు రెండు పక్కలా బాల్‌పెన్నుతో చిన్న చుక్కలు పెట్టుకోండి. స్నానం చేసినప్పుడు చెరిగితే మళ్లీ దిద్దండి. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి, కడుపు లోపలికి పీల్చకండి.

మూత్రం: ట్రిగ్గర్ ఇచ్చిన రోజు నుంచి కొలవండి. పొద్దున లేచాక మొదటిసారి వెళ్లింది లెక్కలో వేయకుండా, అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిసారి వెళ్లింది కలుపుకొని మొత్తం ఎంతో రాయండి. ఇది చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది, అత్తగారింట్లో ఉన్నప్పుడు మరీను. బాత్‌రూమ్ గోడకు చిన్న కాగితం అంటించి, వెళ్లిన ప్రతిసారీ ఒక అంకె వేస్తే చాలు, మర్నాడు పొద్దున కూడుకోవచ్చు. ఉద్యోగానికి వెళ్తూ కొలవలేనివారు కనీసం ఎన్నిసార్లు వెళ్లారో, రంగు ఎలా ఉందో రాయండి.

తాగింది: నీళ్లు, మజ్జిగ, చారు, పాలు అన్నీ కలిపి.

ఒక నోటు పుస్తకం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ట్రిగ్గర్ రోజు 56.4, పికప్ రోజు 56.6, మర్నాడు 57.1, ఆ మర్నాడు 58.3. పక్కనే మూత్రం 1400, 1100, 700. ఆ అమ్మాయికి నొప్పి పెద్దగా లేదు. "తినలేకపోతున్నాను, అంతే" అంది. అంకెలు చదవగానే రమ్మన్నాం. స్కాన్‌లో పొట్ట నిండా నీరు. ఆమె మాట ఒక్కటే విని ఉంటే నేను కూడా జీలకర్ర నీళ్లు తాగమని చెప్పేదాన్నేమో.

4. ట్రిగ్గర్ సమయం రాసి పెట్టండి

ట్రిగ్గర్ తర్వాత 34 నుంచి 36 గంటలకు అండాలు తీస్తారు. ఆ సమయాన్ని నోటు పుస్తకం అట్ట మీదే పెద్దగా రాయండి, ఎందుకంటే ప్రమాదపు లెక్క కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. త్వరగా వచ్చే రకం ఉబ్బరం, ట్రిగ్గర్ తర్వాత తొమ్మిది రోజుల్లోపు మొదలవుతుంది. పదో రోజు నుంచి కనిపించేది గర్భం వల్ల వచ్చే రకం. క్యాబర్గోలిన్ మాత్రలు రాసిచ్చి ఉంటే అవి ఉబ్బరం ముప్పు తగ్గించడానికే. తల తిరుగుతోందని మీకు మీరే ఆపేయకండి, అడిగి ఆపండి.

5. పికప్ అయిన రోజు, మర్నాడు

కొద్దిగా ఎర్ర మరకలు, నెలసరి లాంటి నొప్పి ఒకటి రెండు రోజులు సహజం. గంటకే ప్యాడ్ తడిసిపోవడం, నిలబడగానే కళ్లు తిరగడం, భుజం దగ్గర నొప్పి లాగడం సహజం కాదు. లోపల రక్తస్రావం ఉండవచ్చు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి.

జిల్లాల నుంచి వచ్చేవారికి నా మనవి. పికప్ అయిన రోజే బస్సెక్కకండి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో బంధువులుంటే నాలుగైదు రోజులు అక్కడే ఉండండి. ఉబ్బరం ఎక్కువయ్యేది సాధారణంగా ఆ రోజుల్లోనే.

6. "వాపు మాత్ర" వేసుకోకండి

వాపు అన్నారు కదా అని మందుల షాపుకు వెళ్లి "వాపు తగ్గే మాత్ర ఇవ్వండి" అని అడుగుతారు. షాపులో ఇచ్చేది డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, మెఫినమిక్ యాసిడ్‌లలో ఏదో ఒకటి ఉంటుంది. రక్తం చిక్కబడి మూత్రపిండాలకు నీరు సరిగా అందని సమయంలో ఇవి వాటిని ఇంకా దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసిటమాల్ వాడండి, అదీ చీటీలో రాసిన మోతాదుకు మించకుండా. తగ్గకపోతే ఇంకో మాత్ర వెతకడం కాదు, ఫోన్ చేయాలి.

ఇంతకంటే ప్రమాదమైనది "నీరు పట్టింది కాబట్టి నీటి మాత్ర" అనే సలహా. పొట్టలో నీరున్నా నాళాల్లో నీరు తక్కువగా ఉంది. మూత్రం ఎక్కువ పోయించే ఆ మాత్ర ఉన్న కాస్త నీటినీ లాగేస్తుంది. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చూస్తూ డాక్టర్లు ఇచ్చే సందర్భాలు వేరు. ఇంట్లో, ఎవరో చెప్పారని, ఎప్పుడూ వద్దు.

7. తాగడం, తినడం

దాహానికి తగ్గట్టు తాగండి. రోజుకు ఐదు లీటర్లు తాగితే అంతా కడిగేసుకుపోతుందన్న మాట నిజం కాదు, బలవంతంగా తాగితే వాంతులే మిగులుతాయి. ఉట్టి నీళ్లే కాకుండా ఓఆర్‌ఎస్, ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ మార్చి మార్చి తీసుకోండి. కొబ్బరి నీళ్లు మామూలుగా మంచివే. మూత్రం బాగా తగ్గినప్పుడు మాత్రం ఆపండి. తీవ్రమైన ఓహెచ్‌ఎస్‌ఎస్‌లో రక్తంలో పొటాషియం పెరగవచ్చు, కొబ్బరి నీళ్లలో అదే ఎక్కువ.

ఒకేసారి పళ్లెం నిండా తినలేరు. గుడ్డు, పప్పు, పెరుగన్నం కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టించుకోండి.

8. పూర్తిగా పడుకోకండి, పరుగెత్తకండి

ఉబ్బిన అండాశయం బరువుకు మెలిక పడే ప్రమాదం ఉంది. యోగాసనాలు, బరువులెత్తడం, గుంతల రోడ్ల మీద స్కూటర్ ప్రయాణం, భార్యాభర్తల కలయిక, డాక్టరు చెప్పేవరకు అన్నీ ఆపండి. అలాగని పెద్దవాళ్లు చెప్పినట్టు వారం రోజులు మంచం దిగకుండా ఉండటం కూడా తప్పే. చిక్కబడిన రక్తం కదలకపోతే గడ్డకడుతుంది. గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగు అడుగులు వేయండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్ రాసిచ్చి ఉంటే ఒక్కరోజు కూడా మానకండి.

9. ఎప్పుడు ఫోన్ చేయాలి, ఎప్పుడు బయలుదేరాలి

ఆ రోజే ఫోన్ చేయాల్సినవి: ఒక్క రోజులో కిలో లేదా అంతకు మించి బరువు పెరగడం, 24 గంటల మూత్రం లీటరు కంటే తక్కువ, తాగిన దానికీ వెళ్లిన దానికీ లీటరుకు మించి తేడా, నీళ్లు కూడా నిలవని వాంతులు, చుట్టుకొలత రోజురోజుకూ పెరుగుతూ నొప్పి కూడా పెరగడం. టేపు అంకె ఒక్కటే పెరిగి మిగతావి కదలకపోతే గ్యాస్ కావచ్చు. అయినా మర్నాడు మళ్లీ చూడండి.

ఫోను, జవాబు కోసం ఆగకుండా బయలుదేరాల్సినవి: మూత్రం 24 గంటల్లో అర లీటరు కంటే తక్కువ కావడం, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, ఒక కాలో చెయ్యో మెడో వాచి నొప్పి పుట్టడం, స్పృహ తప్పడం, ఒకవైపు కత్తితో కోసినట్టు హఠాత్తుగా నొప్పి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ బాగానే చూపిస్తోందని ఆయాసాన్ని తోసిపుచ్చకండి.

ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే మీరు చెప్పాల్సిన మొదటి వాక్యం: "నేను ఐవీఎఫ్ చేయించుకుంటున్నాను, ఫలానా తేదీన ట్రిగ్గర్, ఫలానా తేదీన అండాలు తీశారు." చుట్టూ జనం ఉన్నారని చాలామంది దీన్ని దాచి కడుపునొప్పి అని మాత్రమే చెబుతారు. అప్పుడు డ్యూటీ డాక్టరు అపెండిక్స్ అనుకుంటారు, పొట్టను గట్టిగా నొక్కి చూస్తారు. ఉబ్బిన అండాశయాన్ని అలా నొక్కకూడదు. నలుగురిలో చెప్పలేకపోతే కవర్లోని కాగితాలు చేతికివ్వండి.

10. తగ్గుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

నొప్పి తగ్గిందన్న భావనను నమ్మకండి, అంకెలను చూడండి. మొదట మూత్రం పెరుగుతుంది, ఆ తర్వాత బరువు దిగుతుంది, పొట్ట కొలత అన్నిటికంటే ఆలస్యంగా తగ్గుతుంది. ఈ వరుసలో వరుసగా రెండు రోజులు కనిపిస్తే దారిలో పడినట్టే. రక్తపరీక్ష చేయిస్తే సీఆర్‌పీ అంకెకంటే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) అంకె చూడండి. అది 45 శాతం దాటితే తీవ్రత పెరిగినట్టు, రోజురోజుకూ దిగుతుంటే రక్తం మళ్లీ పలుచబడుతున్నట్టు. ఎంబ్రియో పెట్టించుకోనివారికి సాధారణంగా నెలసరి వచ్చేసరికి సర్దుకుంటుంది.

ఎంబ్రియో పెట్టించుకున్నవారు మాత్రం రాయడం ఆపకండి. ఒకసారి తగ్గి, పదో పన్నెండో రోజున మళ్లీ ఉబ్బితే అది గర్భం నిలిచిన గుర్తు కావచ్చు, ఈ రకం ఎక్కువ రోజులు ఉంటుంది. సంతోషంలో ఉబ్బరాన్ని పట్టించుకోకుండా ఉండకండి. మరో మాట: హెచ్‌సీజీ ట్రిగ్గర్ తీసుకున్నవారు తొందరపడి ఇంట్లో పరీక్ష చేసుకుంటే ఆ ఇంజెక్షనే రెండు గీతలు చూపించవచ్చు. ఇచ్చిన తేదీ వరకు ఆగి రక్తపరీక్షే చేయించుకోండి.

అండాలు దానం చేసేవారికీ ఇవన్నీ ఇలాగే వర్తిస్తాయి. పికప్ తర్వాత వారిని పలకరించేవారు తక్కువ. చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే దానం చేయాలి, దాతకు 12 నెలల బీమా చేయించే బాధ్యత అండాలు తీసుకునే దంపతులది. బీమా పత్రం నకలు చేతికి వచ్చాకే మొదటి ఇంజెక్షన్ వేయించుకోండి.

అన్నీ సర్దుకున్నాక నోటు పుస్తకం పారేయకండి. చివరి పేజీలో వాడిన మందు, రోజువారీ మోతాదు, ఏ ట్రిగ్గర్, ఎన్ని అండాలు వచ్చాయి, అన్నిటికంటే ఎక్కువ బరువు ఏ రోజున ఎంత ఉందో రాసి ఉంచండి. మళ్లీ చికిత్సకు వెళ్తే, వేరే కేంద్రానికి వెళ్తే మరీ ముఖ్యంగా, మొదటి రోజునే ఆ పేజీ డాక్టరు ముందు పెట్టండి. మోతాదు ఎంత తగ్గించాలో, ట్రిగ్గర్ ఏది ఇవ్వాలో వారు దాన్ని చూసే నిర్ణయిస్తారు.